కనెక్షన్ ఉన్నట్టే ఉంది, సందేశాలు మాత్రం రాలేదు: రాబిట్‌ఎంక్యూతో నా అనుభవం

రాబిట్‌ఎంక్యూ అంటే ప్రోగ్రామ్‌ల మధ్య సందేశాలను క్యూలో ఉంచి అందించే సర్వర్. రాత్రంతా పని లేక ఖాళీగా ఉన్న మా కన్స్యూమర్ (ఆ క్యూలోని సందేశాలు తీసుకుని పనిచేసే) ప్రోగ్రామ్, తెల్లవారాక మొదటి సందేశం వచ్చే వేళకు ఉలుకూ పలుకూ లేకుండా ఉండేది. లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా కనిపించేది కాదు. రీస్టార్ట్ చేస్తే క్యూలో పేరుకున్నవన్నీ వెంటనే కదిలేవి. రోజూ అలా రీస్టార్ట్‌తో సరిపెట్టుకోవడానికి నాకు మనసొప్పలేదు, ఎందుకంటే ఆ ఒక్కో సందేశం వెనుక ఎవరో ఎదురుచూస్తున్న పని ఉంది.

మొదట అందరిలాగే ఆ సర్వర్ వినే 5672 పోర్ట్‌కు టెల్‌నెట్ (కనెక్షన్ కలుస్తుందో లేదో చూడటానికి వాడే సాధనం) చేసి చూశాను; వెంటనే కలిసింది. 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అని వచ్చి ఉంటే ఆ పోర్ట్‌లో సర్వర్ వినడం లేదేమోననీ, జవాబే రాక టైమౌట్ అయి ఉంటే దారిలో ఫైర్‌వాల్ ప్యాకెట్లను మింగేస్తోందేమోననీ అనుమానించేవాణ్ణి. అయితే టెల్‌నెట్ పరీక్షించేది అప్పుడే పుట్టిన కొత్త కనెక్షన్‌ను మాత్రమే. రాత్రి నుంచి ఉన్న పాత కనెక్షన్ గురించి అది ఏమీ చెప్పదన్న సంగతి నాకు ఆలస్యంగా తట్టింది.

మరునాడు రీస్టార్ట్ చేయకుండా రెండు వైపులా చూశాను. క్లయింట్ యంత్రంలో ఎస్ఎస్ (కనెక్షన్ల స్థితిని చూపే) కమాండ్ ఆ కనెక్షన్‌ను 'ఎస్టాబ్లిష్డ్' అనే చూపింది, సర్వర్‌లోనూ అంతే, కానీ సర్వర్ వైపు సెండ్-క్యూ (అవతలివైపు అందినట్టు ఇంకా జవాబు రాని బైట్ల లెక్క) గడిలో సున్నాకు బదులు కొన్ని వందల బైట్లు కదలకుండా ఉన్నాయి. టిసిపిడంప్ (వచ్చిపోయే ప్యాకెట్లను చూపే సాధనం) పెడితే ఒకే సీక్వెన్స్ నంబర్ గల ప్యాకెట్‌ను సర్వర్ మళ్లీ మళ్లీ పంపుతోంది. ఒక్కో ప్రయత్నానికీ మధ్య విరామం రెట్టింపవుతూ పోయింది, క్లయింట్ వైపు మాత్రం ఒక్కటీ చేరలేదు. లినక్స్ డిఫాల్ట్‌గా ఇలా 15 సార్లు ప్రయత్నించి, సుమారు 15 నిమిషాల తర్వాతే కనెక్షన్‌ను వదిలేస్తుంది. అప్పుడు మేనేజ్‌మెంట్ పేజీలో కన్స్యూమర్ల సంఖ్య సున్నా అయింది, అన్‌యాక్డ్‌గా (అందుకున్నట్టు క్లయింట్ నుంచి 'యాక్' అనే జవాబు రాకుండా) ఉన్న సందేశం క్యూలోకి తిరిగి వచ్చింది. క్లయింట్‌కు ఇదేమీ తెలియదు, అది వింటూనే ఉంది.

మధ్యలోని ఫైర్‌వాల్ గంటసేపు కదలిక లేని కనెక్షన్‌ను ఎవరికీ చెప్పకుండా తన పట్టికలోంచి తీసేస్తోందని నెట్‌వర్క్ బృందం తేల్చింది. కదలిక లేని కనెక్షన్ బతికుందో లేదో చూసే లినక్స్ టిసిపి కీప్‌అలైవ్ డిఫాల్ట్‌గా 7200 సెకన్ల తర్వాత గానీ మొదలుకాదు కనుక అది ఆదుకోలేదు. ఆదుకోవలసింది హార్ట్‌బీట్ (కనెక్షన్ బతికే ఉందని రెండు వైపులా పంపుకునే చిన్న సంకేతం), దానికి సర్వర్ మామూలుగా 60 సెకన్ల గడువు ప్రతిపాదిస్తుంది, కానీ రాబిట్‌ఎంక్యూతో మాట్లాడే పైకా లైబ్రరీతో రాసిన మా ప్రోగ్రామ్‌లో దాన్ని ఎవరో సున్నా చేసి ఆపేశారు. కారణం లేకుండా చేయలేదు: ఒక్కో పనికి నిమిషాలు పట్టేది, అంతసేపూ అదే థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో ఒక పని వరుస) హార్ట్‌బీట్ పంపలేకపోయేది, సర్వర్ కనెక్షన్ తెంపేది, యాక్ అందని సందేశం మళ్లీ వచ్చి అదే పని రెండోసారి జరిగేది. ఆ ఇబ్బంది నిజమైనదే, కానీ హార్ట్‌బీట్ ఆపడం దానికి మందు కాదని నా నమ్మకం.

పనిని వేరే థ్రెడ్‌కు మార్చి, యాక్ మాత్రం కనెక్షన్ నడిచే థ్రెడ్ ద్వారానే పంపేలా చేసి, హార్ట్‌బీట్‌ను మళ్లీ 60 సెకన్లకు పెట్టాను. ఆ రాత్రి టిసిపిడంప్‌ను తెరిచే ఉంచాను. ఆ గడువులో సగం, అంటే సుమారు 30 సెకన్లకొకసారి 8 బైట్ల చిన్న హార్ట్‌బీట్ ఫ్రేమ్ అటూ ఇటూ వెళ్తూ కనిపించింది, తెల్లవారి వచ్చిన మొదటి సందేశానికి యాక్ వెంటనే వెళ్లింది.