అప్‌డేట్ తర్వాత పాలకొల్లు మాయం

ప్రోగ్రామ్ ఆగిపోతే నాకు పెద్ద టెన్షన్ ఉండదు. ఎర్రర్ చూపిస్తుంది, లైన్ నంబరు చెబుతుంది, వెళ్ళి సరిచేసుకుంటాం. నాకు భయం వేసేదల్లా అప్‌డేట్ అయ్యాక కూడా అంతా మామూలుగా నడుస్తూ, జవాబులు మాత్రం వేరేగా ఇచ్చే ప్రోగ్రామ్ అంటే. అలాంటివి ఎక్కువగా రెజెక్స్ దగ్గరే తగులుతున్నాయి, అందులోనూ తెలుగు టెక్స్ట్ మీద నడిచే రెజెక్స్ దగ్గర.

రెజెక్స్ తెలియనివాళ్ళకి ఒక్క మాట. టెక్స్ట్‌లో ఫలానా రూపంలో ఉన్న ముక్కల్ని పట్టుకోవడానికి రాసే సూత్రం అది. మీరు కొట్టిన ఫోన్ నంబర్లో పది అంకెలు ఉన్నాయా లేదా అని చూసేది చాలాచోట్ల ఇదే. ఆ సూత్రంలో బ్యాక్‌స్లాష్ డి అని రాస్తే అంకె, బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అని రాస్తే మాటలో వచ్చే అక్షరం. అయితే ఏది అంకె, ఏది అక్షరం అన్నది మనం నిర్ణయించం, అడుగున ఉన్న లైబ్రరీ, అంటే వేరేవాళ్ళు రాసిపెట్టిన, మనం వాడుకునే కోడ్ నిర్ణయిస్తుంది. లైబ్రరీ మారితే మన సూత్రంలో చుక్క కూడా మారకుండానే దాని అర్థం మారిపోవచ్చు.

భీమవరంలో రొయ్యలు కొనే ఒక ఆఫీసుకి సాఫ్ట్‌వేర్ పని చూస్తుంటాను. ఏ ఊళ్ళో ఏ రైతు చెరువు ఎప్పుడు పట్టుబడికి వచ్చింది, ఎంత కౌంట్ (కేజీకి ఎన్ని రొయ్యలు), ఎన్ని కేజీలు అన్నీ తెలుగులోనే ఎక్కిస్తారు, ఊరి పేరు కొట్టి వెతుక్కుంటారు. సర్వర్ అప్‌డేట్ అయిన మర్నాడు పొద్దున్నే లెక్కలు చూసే ఆయన దగ్గర్నుంచి ఫోన్. "ఏవండీ, పాలకొల్లు రైతులు పాతవాళ్ళు ఒక్కళ్ళూ రావట్లేదండీ. గణపవరం కొడితే మాత్రం శుభ్రంగా వస్తున్నారు." చూస్తే నిజమే. భీమవరం లేదు, కాళ్ళ అనే ఊరూ లేదు. గణపవరం ఉంది, ఆచంట ఉంది. ఆ పొద్దున కొత్తగా ఎక్కించిన పాలకొల్లు ఎంట్రీలు కూడా కనబడుతున్నాయి. ఎర్రర్ లాగ్ ఖాళీ. డేటాబేస్‌లో ఒక్క రైతు పేరూ పోలేదు, అన్నీ ఉన్నాయి.

కారణం తెలిశాక చాలాసేపు ఆశ్చర్యపోయాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా. ఆ కోడ్ చాలా ఏళ్ళ కిందటిది. ఊరి పేరుని బ్యాక్‌స్లాష్ డబ్ల్యూతో మాటలుగా విడగొట్టి, ఆ ముక్కల్ని దాచుకుంటుంది. వెతికేటప్పుడూ అదే పద్ధతి. పాత లైబ్రరీ లెక్కలో తెలుగు హల్లులు, అచ్చులు అక్షరాలే గానీ గుణింతపు గుర్తులు మాత్రం అక్షరాలు కావు. దీర్ఘం, గుడి, కొమ్ము, పొల్లు, సున్న, ఏది వచ్చినా అక్కడ మాట తెగిపోతుంది. కాబట్టి 'పాలకొల్లు' ఏమవుతుందంటే ప, లక, ల, ల. ఎక్కించేటప్పుడూ ఇలాగే ముక్కలు, వెతికేటప్పుడూ ఇలాగే ముక్కలు. రెండువైపులా ఒకే తప్పు జరిగింది కాబట్టి ఇన్నాళ్ళూ సెర్చ్ నడిచింది.

ఆ లైబ్రరీ పేరు పీసీఆర్‌ఈ2. వెబ్‌సైట్లు రాసే పీహెచ్‌పీ భాష మొదలుకొని చాలా సాఫ్ట్‌వేర్లకు రెజెక్స్ పని చేసిపెట్టేది ఇదే. 2024 ఫిబ్రవరిలో వచ్చిన 10.43 వెర్షన్‌లో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూని పర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషకి దగ్గరగా తెచ్చారు. అంటే యూనికోడ్ (ప్రపంచ లిపుల అక్షరాలన్నిటికీ నంబర్లిచ్చే ప్రమాణం) మోడ్‌లో స్థలం తీసుకోని గుర్తుల్ని కూడా అక్షరాల కిందే లెక్కేస్తుంది. ఇది మంచి మార్పే, డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా రాశారు కూడా. చిక్కంతా మన లిపి దగ్గర వచ్చింది. యూనికోడ్ తెలుగు గుర్తుల్ని రెండు రకాలుగా విడదీసింది. దీర్ఘం, గుడి, ఎత్వం, ఒత్వం, పొల్లు లాంటివి స్థలం తీసుకోని గుర్తులు. కొమ్ము, కొమ్ముదీర్ఘం, వట్రసుడి, సున్న, విసర్గ మాత్రం స్థలం తీసుకునే గుర్తులు. కొత్త వెర్షన్ మొదటి రకాన్ని లోపలికి తీసుకుంది, రెండో రకాన్ని బయటే వదిలేసింది.

ఫలితం చూడండి. 'గోదావరి' ఇప్పుడు చెక్కుచెదరకుండా ఒకే మాట. 'పాలకొల్లు' చివరి కొమ్ము పోగొట్టుకుని 'పాలకొల్ల' అయింది. 'భీమవరం' ఇదివరకు భ, మవర అని రెండు ముక్కలు, ఇప్పుడు 'భీమవర'. 'అమలాపురం' అయితే అమలాప, ర. 'గణపవరం'లో సున్న తప్ప వేరే గుర్తే లేదు కాబట్టి అప్పుడూ ఇప్పుడూ 'గణపవర'. ఆచంటదీ అదే కథ. పాత ముక్కలతో దాచిన పాలకొల్లుని కొత్త ముక్కతో వెతికితే దొరకదు మరి. ఏ ఊరు మాయమవుతుందో, ఏ ఊరు మిగులుతుందో ఆ పేరులో కొమ్ములెన్ని, దీర్ఘాలెన్ని అన్నదాన్నిబట్టి తేలింది. రోజువారీ లెక్కలు చూసుకునే మనిషికి ఇది ఎలా అర్థం కావాలి?

ఇదేదో ఒక్క లైబ్రరీకి పరిమితమైన గొడవ కాదు. గ్రెప్ చూడండి, ఫైళ్ళలో టెక్స్ట్ వెతకడానికి లైనక్స్ వాడేవాళ్ళందరికీ చేతికింద ఉండే పనిముట్టు. 2023 మార్చి 5న 3.9 వచ్చింది. మైనస్ పి ఆప్షన్‌తో వాడితే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ, మాట మొదలు, చివరలను పట్టుకునే బ్యాక్‌స్లాష్ బి అన్ని భాషలకూ సరిగ్గా పనిచెయ్యాలని అందులో మార్పు చేశారు. దాంతోపాటు బ్యాక్‌స్లాష్ డి కూడా అరబిక్ అంకెలు సహా ప్రపంచంలోని అంకెలన్నిటినీ పట్టుకోవడం మొదలుపెట్టింది. అది వద్దనుకుని అదే నెల 22న 3.10లో సున్నా నుంచి తొమ్మిది వరకు మామూలు అంకెలకే పరిమితం చేశారు. ఆ మార్పుతో స్క్వేర్ బ్రాకెట్ల లోపల రాసిన బ్యాక్‌స్లాష్ డి పాడైంది. మే 13న 3.11లో దాన్ని బాగుచేశారు, బాగుచెయ్యడం కోసం డబ్ల్యూని, బి ని మళ్ళీ ఇంగ్లీషు అక్షరాల వరకే కుదించారు. మూడు నెలలు కూడా నిండకుండానే తెలుగు అక్షరం అక్షరమైంది, మళ్ళీ కాకుండా పోయింది. రాసినవాళ్ళు అజాగ్రత్తగా ఏమీ లేరు, ప్రతి తప్పునీ ఒప్పుకుని విడుదల నోట్స్‌లో వివరంగా రాశారు. ఆ నిజాయితీ అంటే నాకు గౌరవం. కానీ ధవళేశ్వరం దగ్గర గేటు ఒక అంగుళం దించితే ఆ సంగతి శివారు ఆయకట్టు రైతుకి పొలం ఎండాకే తెలిసినట్టు, ఇలాంటి మార్పులు తెలుగు దాకా వచ్చేసరికి అందరికంటే ఆలస్యంగా, అందరికంటే గట్టిగా తగులుతాయి.

చప్పుడు చేసే మార్పులైతే ఎంతో నయం. పీహెచ్‌పీ 7.3లో పీసీఆర్‌ఈ2కి మారినప్పుడు బ్రాకెట్లలో అడ్డగీత తప్పుచోట పెట్టిన సూత్రాలు నేరుగా ఎర్రర్ ఇచ్చాయి, పర్ల్ 5.26లో మీసాల బ్రాకెట్ ముందు బ్యాక్‌స్లాష్ పెట్టకుండా వదిలేస్తే ప్రోగ్రామే నడవలేదు. 2019 జులై 2న వెబ్‌సైట్లకు కాపలా కాసే క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీలో ఒక కొత్త ఫైర్‌వాల్ రూల్‌లోని రెజెక్స్ సర్వర్ల సీపీయూ మొత్తం తినేసి, దాని మీద ఆధారపడ్డ సైట్లని దాదాపు అరగంట ఇబ్బంది పెట్టింది, కారణం కనిపెట్టి ఆపేశారు. మన 'జ్ఞా' అక్షరం సంగతి గుర్తుందా? 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు, కనబడని ఒక గుర్తు కలిసిన రూపంలో దాన్ని చూపించబోయి కుప్పకూలాయి. అది రెజెక్స్ గొడవ కాదు, అక్షరాన్ని తెరమీద గీసే దగ్గర వచ్చిన గొడవ. ఫోన్లు ఆగిపోయాయి కాబట్టి ప్రపంచమంతా చూసింది, ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. పాలకొల్లు మాయమైతే ఏ పేపర్లోనూ రాదు.

ఇంకోటి కూడా ఉంది. కంటికి ఒక అక్షరంగా కనబడేదాన్ని పట్టుకోవడానికి బ్యాక్‌స్లాష్ ఎక్స్ ఉంటుంది. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగు సంయుక్తాక్షరాల నియమం మార్చారు. అంతకుముందు 'ద్రాక్షారామం' ఆరు అక్షరాలు, ఎందుకంటే పొల్లు దగ్గర తెగేది. ఇప్పుడు ద్రా, క్షా, రా, మం అని నాలుగు, అంటే మనం బడిలో లెక్కపెట్టినట్టే. ఇది నాకు బాగా నచ్చిన మార్పు. అయినా పేరుకి ఇన్ని అక్షరాలు మించకూడదని లెక్కపెట్టే ఫారాలూ, ఫలానా అక్షరం దగ్గర తుంచే ప్రింట్ స్లిప్పులూ అప్‌డేట్ అయిన రోజు నుంచి వేరే లెక్క చెబుతాయి.

భీమవరం ఆఫీసులో చేసిన పని చెబుతాను. బ్యాక్‌స్లాష్ డబ్ల్యూని నమ్మడం మానేసి, యూనికోడ్ వర్గాల పేర్లతోనే అక్షరాలు, అన్ని రకాల గుర్తులు, అంకెలు అని విడివిడిగా రాశాం. దానికి తోడు పక్కపక్క అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు కూడా చేర్చాలి, లేకపోతే 'సాఫ్ట్‌వేర్' అన్న మాట ఫ్ట్ దగ్గర రెండు ముక్కలవుతుంది. ఇది చాలామంది మర్చిపోతారు. తర్వాత పాత పేర్లన్నిటికీ ముక్కలు కొత్తగా కట్టించాం, పాలకొల్లు రైతులు తిరిగొచ్చారు. పైథాన్ వాడేవాళ్ళు కూడా ఒకసారి చూసుకోండి. అందులోనే వచ్చే re అనే మామూలు మాడ్యూల్‌కి ఇప్పటికీ మన గుణింతపు గుర్తులు అక్షరాల లెక్కలోకి రావు. 'రాజమండ్రి'ని ఇస్తే ర, జమ, డ, ర అని నాలుగు ముక్కలు చేతిలో పెడుతుంది. విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే regex అనే మాడ్యూల్ గుర్తుల్ని కలుపుకుంటుంది.

ఇప్పుడు ఏ సర్వర్ అప్‌డేట్ చేసినా ముందు ఒక చిన్న ఫైల్ నడుపుతున్నాం. అందులో కొమ్ముతో ముగిసే ఊరు ఒకటి, సున్నతో ముగిసేది ఒకటి, రెండూ ఉన్న అమలాపురం, గుర్తులే లేని పేరు, సంయుక్తాక్షరాల ద్రాక్షారామం, విసర్గ ఉన్న 'దుఃఖం', కనబడని నాన్ జాయినర్ ఉన్న మాట, తెలుగు అంకెల్లో రాసిన తేదీ, గీత, 'ఎ' అక్షరం కలిసిన సర్వే నంబరు ఉన్న లైను, వాట్సాప్‌లో వచ్చినట్టే ఖాళీ లేకుండా కలిపి కొట్టిన '50కౌంట్' ఉన్నాయి. పాత వెర్షన్ ఇచ్చిన జవాబూ కొత్త వెర్షన్ ఇచ్చిన జవాబూ పక్కపక్కన పెట్టి తేడా చూస్తాం, తేడా ఉంటే ఆ రోజుకి అప్‌డేట్ ఆపేస్తాం. డబ్ల్యూ, బి మళ్ళీ యూనికోడ్ వైపు మారే అవకాశం ఉందని గ్రెప్ 3.11 నోట్స్‌లోనే రాశారు. కాబట్టి ఆ ఫైల్‌కి పని ఇప్పట్లో తీరదు. తెలుగు మీద పనిచేసే సాఫ్ట్‌వేర్ ఏది రాస్తున్నా అలాంటి పది లైన్లు మీరూ పెట్టుకోండి, తేడా కనబడితే ఆ లైబ్రరీ వాళ్ళకి తెలుగు ఉదాహరణతోనే బగ్ రిపోర్ట్ పంపండి.