ధర్మాబాద్‌లో దావా ఒక్కటి వేస్తే సరిపోదు

అమ్మానాన్నలు పోయాక అన్న మా ముగ్గురు అక్కచెల్లెళ్ల ముందు హక్కుసోడ్ పత్రం పెట్టాడు. ఆడపిల్లలు తమ వాటా వదులుకున్నట్టు ఇక్కడ, మహారాష్ట్రలోని మా ధర్మాబాద్‌లో, రాయించుకునే కాగితం అది. "రివాజు చెల్లె, అందరూ పెడతారు" అన్నాడు. మేం సంతకం పెట్టలేదు. అది తాతల నాటి భూమి. అలాంటి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే హక్కు ఉందని, హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చి చెప్పింది. అన్న ఆ పొలాన్ని ఒక మిర్చి వ్యాపారికి బేరం పెట్టాడని తెలిశాక విభజన దావా వేశాం.

నిజామాబాద్‌లో ఉండే మా పెద్దబావ ఫోన్ చేసి ధైర్యం చెప్పాడు. "దావా పడ్డది కదా, టెన్షన్ పడకండి. ఇప్పుడెవడు కొన్నా కోర్టు తీర్పుకు కట్టుబడాల్సిందే." తెలంగాణలో ఆ మాట నిజమే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ ప్రకారం అక్కడ దావా దాఖలైన రోజు నుంచే రక్షణ మొదలవుతుంది. బాసర దాటి ఇటు వస్తే లెక్క మారిపోతుంది. ఈ సెక్షన్‌ను బొంబాయి ప్రభుత్వం 1939లో సవరించింది. 1959లో ఆ సవరణను రాష్ట్రమంతటికీ వర్తింపజేశారు. మన మరాఠ్వాడా అప్పటికే బొంబాయి రాష్ట్రంలో ఉంది. అందుకే ఇక్కడ కేసు నడుస్తోందని ఒక నోటీసు రాసి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించాలి. ఆ తర్వాత జరిగే అమ్మకాలకే సెక్షన్ వర్తిస్తుంది. దావాకూ నోటీసుకూ మధ్యలో ఎవరికైనా రాసిచ్చేస్తే 52వ సెక్షన్ మనకు అక్కరకు రాదు.

రెండు వైపులా చుట్టాలున్న మనవాళ్లు చాలామంది అక్కడి మాట నమ్మి ఇక్కడ ఊరుకుంటారు. నాకు భయం వేసేది దానికే.

నోటీసులో ఏముండాలో చట్టమే చెప్పింది: ఎవరి హక్కు గురించి తగాదానో వారి పేరు, చిరునామా, ఆస్తి వివరం, ఏ కోర్టు, దావా పేరు, అది ఎలాంటి దావా, వేసిన తేదీ. వీటిలో ఆస్తి వివరం దగ్గరే ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. మనం ఇంట్లో ఎకరాలు, గుంటలు అనుకుంటాం. సాత్‌బారాలో, అంటే ఇక్కడి పొలం రికార్డులో, హెక్టార్లు, ఆర్‌లు ఉంటాయి. 40 ఆర్ అంటే దాదాపు ఎకరం. గట్ నంబర్ (సర్వే నంబర్ లాంటిది), విస్తీర్ణం, నాలుగు హద్దులు సాత్‌బారాలో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయించాను. కొనేవాడి వకీలు వెతికేది గట్ నంబర్‌తోనే. ఇంకొకటి, భూమి మీద హక్కు గురించే నేరుగా తగాదా ఉన్న దావాకే ఇది పనికొస్తుంది. చేబదులు డబ్బు రాలేదని వేసిన కేసుకు పనికిరాదు.

ఆ మిర్చి వ్యాపారి వకీలు సెర్చ్ తీయిస్తే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరైన పత్రాల జాబితా అయిన ఇండెక్స్ టూలో మా నోటీసు కనిపించింది. బేరం ఆగిపోయింది. ఆ వ్యాపారికీ ఇది మేలే చేసింది, లేకపోతే కష్టపడి కూడబెట్టిన డబ్బు మా తగాదాలో ఇరుక్కునేది. కొనేవాళ్లకు కేసు సంగతి తెలిసే ఏర్పాటు లేదని, మహారాష్ట్ర పద్ధతి దేశమంతటా ఉంటే బాగుంటుందని 2010లో సుప్రీంకోర్టు కూడా అంది.

అయితే నోటీసు అమ్మకాన్ని ఆపదు. రిజిస్ట్రేషన్ జరగొచ్చు, ఆ దస్తావేజు రద్దు కూడా కాదు. కొన్నవాడు తీర్పుకు లోబడాలి, అంతే. చెట్లు కొట్టకుండా, ఇంకొకరిని పొలంలోకి దింపకుండా ఆపాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ ఆర్డర్ కింద తాత్కాలిక నిషేధం వేరుగా అడగాలి. మేం అడిగాం, విచారణ నడుస్తోంది. తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి) దగ్గర ఫేర్‌ఫార్ నోటీసు, అంటే రికార్డులో పేరు మార్పు నోటీసు, పడితే గడువులోపు అభ్యంతరం రాసివ్వడానికి చెల్లెలు సిద్ధంగా ఉంది. సాత్‌బారాలో పేరు ఎక్కినంత మాత్రాన యాజమాన్యం రాదు. అయినా ఒకసారి ఎక్కిన పేరును తీయించడానికి ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది మనమే.

మొన్న అన్న ఫోన్ చేశాడు. "ఆ నోటీసు తీసేయ్ చెల్లె, ఊళ్లో పరువు పోతోంది" అన్నాడు. "పొలం కొలిపించి నాలుగు వాటాలు రాయించు అన్నా, నేనే వచ్చి తీయిస్తా" అన్నాను. ఆలోచిస్తానన్నాడు.