కరక్కాయ వాసన

"ఈ దుపట్టా ఏదో వాసనొస్తోందండీ, పాత స్టాకా?" అని అడిగింది హస్తకళల ఎంపోరియంలో నా పక్కనున్న అమ్మాయి.

కౌంటర్ వెనకున్న పెద్దాయన తల కూడా ఎత్తలేదు. "కరక్కాయ, గేదె పాలమ్మా. ఉతికితే పోతుంది."

"పాలా!" అని మళ్లీ వాసన చూసింది. నేనూ చూశాను, ఊరుకోలేక.

శ్రీకాళహస్తి కలంకారీ అది. రంగు పాకకుండా బట్టని ముందు కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెడతారు. తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్లతో నల్ల గీతలు. అన్నీ వెదురు కలంతోనే.

ఒకప్పుడు గుళ్లో వేలాడదీసే రామాయణ, భారత కథల బట్టలివి. 1950ల నాటికి గీసేవాళ్లు కరువయ్యారు. హస్తకళల కోసం పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ లాంటివాళ్ల చొరవతో 1957లో శ్రీకాళహస్తిలోనే ప్రభుత్వం శిక్షణ కేంద్రం పెట్టింది. సరే, నేర్పారు. మరి కొనేదెవరు? గోడంత పట్టాభిషేకాన్ని టూబీహెచ్‌కేలో ఎక్కడ తగిలిస్తాం?

అక్కడే ఈ ఎంపోరియంలు, ఎగ్జిబిషన్లు పనికొచ్చాయనుకుంటా. అదే కలం చీర కొంగు మీదకి, దుపట్టా మీదకి, కుషన్ కవర్ మీదకి వచ్చింది. దేవుడి బొమ్మల పక్కన చెట్టూ నెమలీ చేరాయి. కళని పలచన చేశారని కొందరి బాధ. నాకైతే లేదు. గీసే చేతికి నెలనెలా పని దొరకాలి కదా. (కుషన్ మీద బుద్ధుడి ముఖం మాత్రం నాకు నచ్చదు. దానికి ఆనుకుని ఎలా కూర్చుంటారో!)

ఆ అమ్మాయి దుపట్టా కొనేసింది. ట్యాగ్ మీద ధర ఉంది, బార్‌కోడ్ ఉంది, డ్రైక్లీన్ బొమ్మ కూడా ఉంది. గీసినవాళ్ల పేరే లేదు. అడిగితే పెద్దాయన ఈసారి తలెత్తి, "పేరెందుకమ్మా, బిల్లు మీదకా?" అన్నారు.