పేగు నుంచి కాలేయానికి

దేవరకొండ దగ్గర మాకు నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. 2018 ఎండాకాలంలో మలంలో రక్తం పడితే మొలలనుకున్నాను. చూపించుకున్న వైద్యుడూ పరీక్ష చేయకుండానే అదే మాట అన్నాడు. ఐదు నెలలు ఆ మందులే మింగాను. చివరికి తోటలో నాలుగు చెట్లు దాటితే ఆయాసం వస్తుండడంతో అల్లుడు పట్టుబట్టి హైదరాబాదు తీసుకెళ్లాడు. కెమెరా గొట్టంతో పేగు లోపల చూసే కొలనోస్కోపీలో పెద్దపేగులో గడ్డ, సీటీ స్కానులో కాలేయం కుడివైపు రెండు మచ్చలు బయటపడ్డాయి.

తాగుడు ఎరుగని మనిషికి లివర్ క్యాన్సర్ ఎట్లా వచ్చిందని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. డాక్టరమ్మ మాత్రం, "దేవరకొండ మనిషి హైదరాబాదులో కాపురం పెడితే వాళ్ల ఊరు మారిపోతుందా పెద్దాయనా? ఇదీ అంతే, కాలేయంలో ఉన్నా పేగు క్యాన్సరే" అన్నది. పేగుల నుంచి వచ్చే రక్తం పోర్టల్ సిర గుండా ముందు కాలేయానికే చేరుతుంది కాబట్టి, గడ్డ నుంచి విడివడిన కణాలు తరచుగా అక్కడే పాతుకుంటాయట. కణం పేగుది గనుక మందులూ పేగు క్యాన్సర్‌వే ఇస్తారని అప్పుడు తెలిసింది.

పద్నాలుగు రోజులకొకసారి కీమో. ఆక్సాలిప్లాటిన్ అనే మందు రెండు గంటలు ఎక్కించి, ఇంకో మందును 46 గంటలు నెమ్మదిగా పోసే చిన్న పంపును నడుముకు కట్టి పంపేవారు. ఆక్సాలిప్లాటిన్ ఎక్కాక చల్లనివి పడవని చెప్పారు గానీ నేను పట్టించుకోలేదు. మొదటి కీమో తర్వాత తెల్లవారుజామున స్టీలు చెంబు పట్టుకోగానే వేళ్లలో కరెంటు కొట్టినట్లయి చెంబు జారిపోయింది. ఒక గుక్క చల్లనీళ్లకు గొంతు బిగుసుకుపోయింది. అప్పటి నుంచి నా భార్య చెంబుకు తువ్వాలు చుట్టి, గోరువెచ్చని నీళ్లే ఇచ్చేది.

ఆరు విడతల తర్వాత మచ్చలు చిన్నవయ్యాయి. 2019లో ఒకే ఆపరేషన్‌లో పేగు గడ్డనూ, కాలేయంలో మూడో వంతు దాకానూ తీసేశారు. ఆ నొప్పి గురించి రాయడానికేమీ లేదు, ఎవరికైనా ఉండేదే. నన్ను ఆశ్చర్యపరిచింది తర్వాతి స్కాను: మిగిలిన కాలేయం పెరిగి, పోయిన చోటును చాలావరకు నింపేసింది. మచ్చలు ఇలా కొద్దిగా, కోసి తీయగల చోట ఉండడం నా అదృష్టం. అందరికీ ఆ వీలు ఉండదు.

తర్వాత మరో ఆరు విడతల కీమో, ఏళ్ల తరబడి స్కాన్లు, క్యాన్సర్ తిరగబెట్టిందేమో చూసే సీఈఏ రక్తపరీక్షలు. ఇప్పటివరకు మచ్చ తిరిగి కనిపించలేదు. వేళ్ల తిమ్మిరి మాత్రం పూర్తిగా వదలలేదు. కాయను తడిమి పక్వం చెప్పగలిగేవాణ్ని. ఇప్పుడు రంగు చూసి కోయిస్తున్నాను.