డెడ్ స్నో: మంచు ఉచితం, నెత్తుటికే ఖర్చు

నాజీ జాంబీల (లేచి తిరిగే శవాల) మీద 2009లో వచ్చిన నార్వే హారర్ కామెడీ డెడ్ స్నో చూసినవాళ్ళు ఎక్కడ మాట్లాడుకున్నా రెండు మాటలే తిరుగుతుంటాయి. "మొదటి సగం సాగదీశాడు" అని ఒకటి, "రెండో సగం కుమ్మేశాడు" అని ఇంకొకటి. రెండూ నిజమే. కానీ ఇవి రెండు వేర్వేరు అభిప్రాయాలు కావు, ఒకే జమాఖర్చుల పుస్తకంలో ఎదురెదురు పేజీలు. చేతిలో ఉన్న డబ్బు దాదాపు 8 లక్షల డాలర్లు. హారర్‌లో డబ్బు తినేది మేకప్, నెత్తురు, ఫైట్లు. సినిమా నిడివి తొంభై ఒక్క నిమిషాలు, అంతసేపూ వాటికి ఆ డబ్బు సరిపోదు. అందుకని ముందు సగం మాటలతో నడిపి, దాచుకున్నదంతా వెనక సగంలో గుమ్మరించారు. (ఇక్కడినుంచి కథంతా చెప్పేస్తున్నాను. చూడనివాళ్ళు చూసొచ్చి చదవండి.)

దర్శకుడు టొమ్మి విర్కోలాది నార్వే ఉత్తర కొసన ఉన్న ఆల్టా. 2007లో హాలీవుడ్ కత్తియుద్ధాల సినిమా ఒకదాన్ని వెక్కిరిస్తూ సొంత ఊరి వైపే ఒక పేరడీ తీశాడు. అందులో హీరోగా వేసిన స్టిగ్ ఫ్రోడె హెన్రిక్సెన్ ఇక్కడ సహరచయిత, కుర్రాళ్ళలో ఒకడైన రాయ్ పాత్రధారి కూడా. చిన్న సినిమాల్లో ఇది మామూలే. రాసినవాడే నటిస్తే ఒక పారితోషికం మిగులుతుంది, సెట్లో డైలాగు మార్చుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. 2009 జనవరిలో నార్వే థియేటర్లలోకి వచ్చింది, అదే నెలలో అమెరికాలో సన్‌డాన్స్ సినిమా ఉత్సవంలో అర్ధరాత్రి ఆటల విభాగంలో ఆడింది. అసలు దశ తిరిగింది అక్కడే. నాజీ జాంబీలు అన్న రెండు మాటలు పోస్టరుకు చాలు, అర్ధరాత్రి ఆటకు వచ్చే జనానికి మరీ చాలు.

కథ రెండు వాక్యాల్లో: ఈస్టర్ సెలవులకు వైద్య విద్యార్థులు కొండల్లో ఒక చెక్క క్యాబిన్‌కు వెళ్తారు. ఫోన్ సిగ్నల్ ఉండదు, నేల కింద బంగారం పెట్టె దొరుకుతుంది, దాని సొంతదార్లు మంచులోంచి లేస్తారు.

ఈస్టర్ అన్నది ఊరికే పెట్టిన ముహూర్తం కాదు. నార్వేలో ఈస్టరంటే కొండ మీద క్యాబిన్, స్కీయింగ్, కమలాపళ్ళు, క్విక్ లున్ష్ చాక్లెట్, చేతిలో ఒక హత్యల నవల. ఈస్టర్‌కు నేరకథలు చదివే ఆ అలవాటు 1923 నుంచీ ఉంది. ఆ ఏడాది ఒక నవల ప్రకటనను పత్రిక మొదటి పేజీలో వార్తలాగా వేస్తే, రైలు దోపిడీ నిజంగానే జరిగిందనుకుని జనం కంగారుపడ్డారు. అంటే ఈస్టర్‌కు క్యాబిన్‌లో శవాలు లేవడం అక్కడి ప్రేక్షకుడికి ముందే సగం జోకు. బయటి దేశాల వాళ్ళకు ఇది తెలీదు, వాళ్ళకు కనిపించేది అమెరికన్ సినిమాల్లో చూసీచూసీ అరిగిపోయిన క్యాబిన్ మాత్రమే. "అరువు కథ" అన్న ఫిర్యాదులో సగం ఇక్కడే పుట్టింది. మిగతా సగం న్యాయమైనదే. ఇలాంటి క్యాబిన్ సినిమాలు ఎన్ని లేవని విర్కోలా పాత్రల చేతే అనిపిస్తాడు, ఒకడికి 1992 నాటి జాంబీ సినిమా బ్రెయిన్‌డెడ్ టీషర్టు వేస్తాడు. అప్పు ఒప్పుకోవడం మంచిదే, కానీ ఒప్పుకున్నంత మాత్రాన తీరిపోదు కదా.

ఈస్టర్ వల్ల ఇంకో లాభం ఉంది, దాన్ని గమనించేవాళ్ళు తక్కువ: వెలుతురు. డెబ్భై డిగ్రీల అక్షాంశం దగ్గర ఏప్రిల్లో పగలు చాలా పొడుగు. రాత్రి సీన్లంటే జనరేటర్లు, లైట్లు, వాటిని మోసే మనుషులు. రెండో సగంలో ఎక్కువ భాగం పట్టపగలు తెల్లటి కొండ మీద జరుగుతుంది. చీకటిని నమ్ముకోని హారర్ అరుదు కాబట్టి దీన్ని ధైర్యం అన్నారు కొందరు. ధైర్యమూ అవును, పొదుపూ అవును.

అయితే మంచు ఉచితంగా వచ్చినా మెడకు తాళ్ళు కట్టుకునే వస్తుంది. కెమెరా మీటరు ఎదుటి దాన్నంతా పద్దెనిమిది శాతం బూడిదరంగు అనుకుని లెక్క కడుతుంది. కొత్త మంచు ఎనభై, తొంభై శాతం వెలుగును తిప్పికొడుతుంది. మీటరు మాట వింటే మంచు మురికిగా, ముఖాలు బొగ్గులా వస్తాయి. లెన్సును ఒకటిన్నర నుంచి రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) తెరవాలి. మరీ తెరిస్తే మంచు మీది గీతలు, అడుగుజాడలు, జాంబీ లేచినప్పుడు చిట్లే పొర అన్నీ తెల్ల కాగితంలో కలిసిపోతాయి. అందుకే మీటరును ముఖం దగ్గర పెట్టి చూసుకుని, మంచు పూర్తిగా తెల్లబోయే ముందు ఆగాలి. బ్యాటరీలు చలికి సగంలోనే చేతులెత్తేస్తాయి, విడి బ్యాటరీలు కోటు లోపల ఒంటికి ఆనించుకుని తిరగాల్సిందే. చలిలోంచి వెచ్చటి గదిలోకి కెమెరా తెస్తే లెన్సు మీద తేమ పడుతుంది. ప్లాస్టిక్ సంచిలో మూసి తెచ్చి, గది వేడికి చేరాకే విప్పాలి.

ఇక నెత్తురు. ఇలాంటి సినిమాల్లో మామూలుగా నడిచే పాళ్ళు ఇవి: లీటరు కార్న్ సిరప్, పావు లీటరుకు కాస్త తక్కువ నీళ్ళు, ఇరవై అయిదు ముప్ఫై మిల్లీలీటర్ల ఎర్ర ఫుడ్ కలర్, మూడు నాలుగు చుక్కల నీలం, చెంచాన్నర కోకో పొడి. నీలం లేకపోతే టొమాటో సాస్‌లా మెరుస్తుంది, కోకో లేకపోతే వెలుగు ఇటునుంచి అటు దూసుకుపోతుంది. గదిలో ఇది చక్కగా ఉంటుంది, మంచులోకి తీసుకెళ్తే మొండికేస్తుంది. సిరప్ చలికి తారులా బిగుసుకుని పైపులోంచి చిమ్మదు. పల్చన చేద్దామని నీళ్ళు పెంచితే చిన్న చిన్న పలుకులుగా గడ్డకడుతుంది. కాబట్టి నీళ్ళకు బదులు చలికి తేలిగ్గా గడ్డకట్టని ప్రొపిలీన్ గ్లైకాల్ ద్రవం కలపాలి. సీసాలను వేడినీళ్ళలో ఉంచి వెచ్చగా వాడదామా అంటే, వెచ్చటి నెత్తురు మంచు మీద పడగానే దాన్ని కరిగించి గుంట చేసుకుని అందులోకి దిగిపోతుంది, పైన లేత గులాబీ మరక మిగులుతుంది. భయం కాస్తా ఐస్‌గోలా అయిపోతుంది. నటుడి ఒంటి మీదికి వెచ్చటిది, నేల మీదికి చల్లబెట్టినది, అదీ కోకో ఎక్కువ వేసి చిక్కగా, ఇలా రెండు రకాలు విడివిడిగా ఉంచుకుంటే గొడవ ఉండదు.

అసలు నష్టం రెండో టేకులో. గదిలో నెత్తురు చిమ్మితే తుడిచి మళ్ళీ తీయొచ్చు. మంచు మీద చిమ్మితే ఆ చోటు అయిపోయినట్టే. ఒక జానెడు లోతు మంచు పారతో ఎత్తిపోసి, పక్కనుంచి కొత్తది తెచ్చి పరిచి, చదును చేసి, ఆ చదును మనిషి చేసినట్టు కనపడకుండా మళ్ళీ చెదరగొట్టాలి. అడుగుజాడలదీ అదే కథ. పాత్ర ఇంకా నడవని వైపు యూనిట్ వాళ్ళ బూట్ల గుర్తులు ఉండకూడదు, అందుకని మొత్తం బృందం ఒకే దారిన, కెమెరా వెనకనుంచే తిరగాలి. ఇదంతా తెలిసి రెండో సగం చూస్తే తెల్లదనం మీద ఎరుపు ఎంత లెక్కగా పరిచారో అర్థమవుతుంది. ప్రేక్షకులు ఎక్కువగా మెచ్చుకున్నదీ ఆ రెండు రంగులనే.

మేకప్ దగ్గర మాత్రం పట్టపగలు శత్రువే. మంచు కింద నుంచి కూడా వెలుగు కొడుతుంది, గడ్డం కింద, కంటి గుంటలో నీడ మిగలదు, అతికించిన రబ్బరు అంచు దొరికిపోతుంది. అందుకే సైన్యంలో ముందు నిలబడే నలుగురైదుగురి మీద పెట్టిన శ్రద్ధ వెనక వరుసల మీద ఉండదు. హెల్మెట్లు, కాలర్లు, ముఖాన పేరుకున్న మంచు మిగతా పని చేస్తాయి. అందరికీ ఒకే యూనిఫాం ఉండటం దుస్తుల విభాగానికీ కలిసొస్తుంది: చిరిగినది రేపు ఇంకొకడు తొడుక్కోవచ్చు. జాంబీల దళపతి హెర్జోగ్‌గా వేసిన ఓర్యన్ గామ్‌స్ట్ ఒక్క ఆజ్ఞ ఇవ్వగానే తెల్లటి నేల అంతటా మనుషులు మొలుచుకొచ్చే షాటు ఉంది కదా, గ్రాఫిక్స్‌కు పోసే డబ్బుతో అంత ఒళ్ళు జలదరించేది కాదు.

పాటల దగ్గరా చూడండి. మొదటి సీనులో ఒక అమ్మాయి రాత్రి మంచులో పరిగెడుతుంటుంది, వెనక నార్వే స్వరకర్త గ్రీగ్ స్వరపరచిన 'కొండరాజు సభలో' వస్తుంది. 1876లో పేర్ గ్యున్ట్ నాటకంలో కొండ లోపలి ట్రోల్స్ (జానపద రాక్షసులు) హీరో మీద పడే ఘట్టానికి చేసిన బాణీ అది. పిల్లిలా మెల్లగా మొదలై, చివరకు ఊపిరాడనంత వేగం అందుకుంటుంది. వేరే ఏ సంగీతమైనా ఎడిటింగ్‌కు తగ్గట్టు కత్తిరించాలి, ఇది తనే వేగం పెంచుకుంటూ పోతుంది, ఎడిటర్ వెంట నడిస్తే చాలు. గ్రీగ్ 1907లో పోయాడు కాబట్టి బాణీకి హక్కుల రుసుము కూడా లేదు. నార్వేవాళ్ళకు చిన్నప్పటి నుంచీ చెవిలో ఉన్న ముక్క, పైగా కొండలో ఉన్నవాళ్ళు మనిషిని తరమడమన్న అర్థం. ఇంత తక్కువ ఖర్చుకు ఇన్ని పనులు చేసిన నిర్ణయం సినిమాలో ఇంకొకటి లేదు.

చాలామంది చూపు జారేది బంగారం దగ్గర. "ఇవి జాంబీలేనా? పరిగెడుతున్నాయి, ఆజ్ఞలు వింటున్నాయి, మెదళ్ళు తినడం లేదు" అని ఫిర్యాదు. ఇవి అమెరికన్ జాంబీలు కావు, యూనిఫాం వేసుకున్న ద్రౌగ్‌లు. పాత నార్స్ కథల్లో ద్రౌగ్ అంటే సమాధి దిబ్బలో సంపదకు కాపలా ఉండే శవం, లంకెబిందెల మీద కూర్చున్న భూతం లాంటిది. గ్రెత్తిర్ సాగా అనే పాత వీరగాథలో హీరో గ్రెత్తిర్, 'కార్' అనే పేరున్న ముసలివాడి దిబ్బ తవ్వి నిధి తీస్తుంటే లోపలి శవం లేచి కలబడుతుంది. డెడ్ స్నో కథ వెన్నెముక అచ్చంగా అదే. చివర్లో విద్యార్థుల్లో మిగిలిన మార్టిన్ పెట్టె తిరిగి ఇచ్చేసి, కారెక్కి, బతికిపోయాననుకునేసరికి జేబులోంచి ఒక్క నాణెం జారుతుంది. కారు అద్దం దగ్గర హెర్జోగ్. ఆకలిగొన్న శవానికి ఆ ముగింపు కుదరదు, లెక్క అప్పజెప్పించుకునే శవానికే కుదురుతుంది.

ఇదే అర్థమైతే చేయి నరుక్కునే సీను ఇంకా నవ్వొస్తుంది. నెత్తురు చూస్తే కళ్ళు తిరిగే వైద్య విద్యార్థి మార్టిన్, చేతి మీద కాటు పడగానే సినిమాల్లో నేర్చుకున్న జ్ఞానంతో చైన్‌సా తీసి చేయి కోసేసుకుంటాడు. హమ్మయ్య అనుకునే లోపు ఇంకో జాంబీ కోసుకోవడానికి వీల్లేని చోట కరుస్తుంది. నిజానికి ఈ సినిమాలో కాటు పడ్డవాళ్ళెవరూ జాంబీలై లేవరు. అంటే ఆ చేయి ఉత్త పుణ్యానికి పోయింది. సినిమా ఈ మాట పైకి అనదు, అదే దాని అందం. సుత్తి, కొడవలి పట్టుకుని నాజీల మీదికి వెళ్ళడం, పెట్రోలు సీసా గురి తప్పి సొంత క్యాబినే తగలబడటం, కొండ అంచున జాంబీ పేగు పట్టుకుని వేలాడటం ఇదే బాపతు. వేలాడే సీనులో హాస్యమంతా కాలవ్యవధిలో ఉంది: అసహ్యం పుట్టే చోట ఆపకుండా, ఇంకా కొన్ని క్షణాలు పట్టి ఉంచి, అది నవ్వుగా మారాక వదులుతాడు.

తప్పులు దాచక్కర్లేదు. నలుగురు కుర్రాళ్ళూ చచ్చేదాకా ఎవరు ఎవరో తెలీదు. ఆరుబయట మరుగుదొడ్డి సీను రచయితలకు తప్ప ఎవరికీ నవ్వు తెప్పించదు. బ్యోర్న్ సున్‌ద్‌క్విస్ట్ లాంటి పెద్ద నటుడిని తెచ్చి కాఫీ తాగుతూ ఆ నాజీల పూర్వకథంతా ఒప్పజెప్పించారు. ఆ కథకు మాత్రం నిజమైన గాయం ఆధారం: 1944 శరదృతువులో జర్మన్ సైన్యం వెనక్కి తగ్గుతూ ఫిన్‌మార్క్ ప్రాంతాన్ని తగలబెట్టుకుంటూ పోయింది, దాదాపు యాభై వేల మందిని ఇళ్ళు ఖాళీ చేయించింది, వేలమంది గుహల్లో, కొండల్లో తలదాచుకున్నారు. ఆ జిల్లాలో పుట్టినవాడే ఈ వెటకారం తీశాడన్నది బయటి సమీక్షల్లో అంతగా కనపడదు.

లెక్కలు చూస్తే అమెరికా థియేటర్లలో యాభై వేల డాలర్లు కూడా రాలేదు, ప్రపంచమంతా కలిపి దాదాపు ఇరవై లక్షలు. సమీక్షలు పోగుచేసే వెబ్‌సైటు రాటెన్ టొమాటోస్‌లో మూడింట రెండు వంతుల మంది విమర్శకులు పాసు చేశారు. అసలు జనం డీవీడీల్లో, ఇళ్ళల్లో కూడారు. ఇప్పుడు చూసేవాళ్ళు ఇంగ్లీషు డబ్బింగు జోలికి పోవద్దు. ఉత్తర నార్వే యాసలో విసిరే మాట డబ్బింగులో ఉత్త అరుపైపోతుంది, నార్వేజియన్ పెట్టుకుని సబ్‌టైటిల్స్ చదువుకోవడమే మేలు.

2014లో వచ్చిన రెండో భాగం ఐస్‌లాండ్‌లో తీశారు. చచ్చిపోయిన రాయ్ పాత్ర వేసిన హెన్రిక్సెన్ వేరే పాత్రగా తిరిగొచ్చాడు. డబ్బింగు గొడవ వదిలించుకోవడానికి సినిమాను నార్వేజియన్‌లో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి విడివిడిగా తీశారు. కథ ఆ కారు దగ్గరే అందుకుంటుంది, మొదటి నిమిషం నుంచే నెత్తురు. సాగదీశాడన్న మాట ఈసారి ఎవరూ అనలేదు.