తలకు నూనె పెట్టుకోకుండా రమ్మన్నారు

నాన్నతో మందు మాన్పించడానికి బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కు తిరుగుతున్న రోజుల్లో ఒక పరిశోధన గురించి తెలిసింది. తండ్రికి తాగుడు వ్యసనం ఉండి, తాము మాత్రం తాగని కొడుకులు కావాలట. అనంతపురంలో ఉన్న అమ్మకు ఫోన్ చేస్తే, "నీకేమయిందిరా? తలకు కరెంటు పెడతారంట గదా!" అంది. అక్కడ చేసేది ఈఈజీ అనే మెదడు పరీక్ష. అందులో కరెంటు పెట్టరు, మెదడులో పుట్టే కరెంటును కొలుస్తారంతే.

ముందు కన్సెంట్ ఫారం. ఇది వైద్యం కాదు, నాకు నేరుగా లాభమేమీ ఉండదు, ఎప్పుడైనా మానుకోవచ్చు, మానుకున్నా నాన్న వైద్యానికి ఇబ్బంది రాదు. ఆ చివరి మాట మళ్లీ చదివాకే సంతకం పెట్టాను.

కష్టమంతా ఇంటర్వ్యూలోనే. తాత, పెదనాన్న, మేనమామలు: ఎవరు ఎంత తాగుతారు, చేతుల వణుకు ఆగడానికి పొద్దున్నే తాగేదెవరు, తాగి ఉద్యోగం పోగొట్టుకున్నదెవరు? పెళ్లిళ్లలో నవ్వుతూ చెప్పుకునే కథలన్నీ అక్కడ రోగ లక్షణాలయ్యాయి.

పరీక్ష రోజున షాంపూతో తలంటుకుని, నూనె రాయకుండా, కాఫీ తాగకుండా రమ్మన్నారు. టోపీ తొడిగి, ఎలక్ట్రోడ్ల కింద జెల్ నింపారు. తెర మీద ఒకే బొమ్మ వస్తూ ఉంటుంది, అరుదుగా వేరేది వస్తే బటన్ నొక్కాలి. రెప్పలు ఆర్పొద్దు, పళ్లు బిగించొద్దు. ఆ వేరే బొమ్మ కనబడ్డాక సుమారు 300 మిల్లీసెకన్లకు లేచే అలను పీ300 అంటారు. తాగుబోతు తండ్రుల కొడుకుల్లో, ఇంకా మందు ముట్టని పిల్లల్లో కూడా, ఈ అల ఎత్తు తక్కువని అమెరికాలో హెన్రీ బెగ్లైటర్ బృందం 1984లో చూపించింది. తాగేవాళ్ల మెదడునే చూస్తే ఏది కారణమో, ఏది తాగుడు వల్ల వచ్చిందో తేలదు. మాలాంటివాళ్లు కావాల్సింది అందుకే.

తర్వాత డబ్బు ప్రశ్నలు. ఇప్పుడే 500 కావాలా, నెలాగితే 1000 కావాలా? వ్యసనంలో ఉన్నవాళ్లు సగటున వెంటనే వచ్చేదానివైపే ఎక్కువ మొగ్గుతారట. నెలాఖరులో హాస్టల్ కుర్రాళ్లూ అంతే అంటే, పరీక్ష చేసే మేడమ్ నవ్వింది.

"నా అల ఎలా ఉంది మేడమ్?" అని అడిగాను. నేను వెళ్లిందే ఆ జవాబు కోసం. ఒక్కరి రికార్డు చూసి ఏమీ చెప్పలేమని, గుంపుల సగటుల్లోనే తేడా కనిపిస్తుందని, వేరే సమస్యల్లో కూడా ఈ అల తగ్గుతుందని చెప్పింది. నిజాయితీ గల జవాబే, కానీ నాకు ఆ పూట కోపమే వచ్చింది.

తమ్ముడూ వస్తాడా అని అడిగారు. వాడికింకా పద్దెనిమిది నిండలేదు కాబట్టి వాడు ఒప్పుకుంటే చాలదు, పెద్దవాళ్ల సంతకం కూడా కావాలి. కరెంటు లేదని అమ్మకు మళ్లీ మొదటి నుంచి చెప్పాలి.