దొర గుడారం, కరణం లెక్క: దత్తమండలాల పాత రికార్డుల గురించి

సీమలో ఎవరికైనా ఇనాం భూమి మీద కోర్టు కేసు పడిందంటే లాయరు గారు మొదట అడిగే కాయితాల్లో ఇనాం ఫెయిర్ రిజిస్టర్ కాపీ ఒకటి. 1860ల్లో మద్రాసు ఇనాం కమిషన్ వాళ్ళు ఊరూరా రాయించిన రిజిస్టరు అది, ఈ పొలం ఎవరిచ్చారు, దేనికోసం ఇచ్చారు, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు, అన్నీ కాలమ్స్ కాలమ్స్ గా ఉంటాయి. మన వాళ్ళకి అది కేసు గెలిపించే కాయితం, అంతే. నాకు మాత్రం అసలు ఇన్ని వివరాలు అడగాల్సిన అవసరం సర్కారుకి ఎందుకొచ్చిందా అనే అనుమానం పట్టుకుంది. అక్కణ్ణించి వెనక్కి తవ్వుకుంటూ పోతే 1800 దగ్గర ఆగాను, అంటే నిజాం సీమని కంపెనీ చేతిలో పెట్టిన ఏడాది.

కథ చాలామందికి తెలిసిందే కాబట్టి గబగబా చెప్పేస్తా. విజయనగరం పడిపోయాక ఈ ప్రాంతం ఎప్పుడూ ఎవరో ఒకరి సరిహద్దే. బీజాపూరు, గోల్కొండ, తర్వాత మొగలాయిలు, కడప నవాబులు, గుత్తిలో మురారిరావు, ఆదోనిలో నిజాం తమ్ముడు బసాలత్ జంగ్, ఆ పైన హైదర్, టిప్పు. 1792లో శ్రీరంగపట్నం సంధితో కొంత, 1799లో టిప్పు చనిపోయాక ఇంకొంత నిజాం వాటాకి వచ్చింది. 1800 అక్టోబర్ 12న నిజాం అలీ ఖాన్, కంపెనీ సైన్యం ఖర్చు కింద నగదు ఇచ్చే బదులు, ఆ వచ్చినదంతా ఇంగ్లీషోళ్ళకి రాసిచ్చేశాడు. కొన్ని ఊళ్ళ మీద నిజాం జెండా ఏడాదిన్నర కూడా సరిగ్గా ఎగరలేదన్నమాట. అప్పట్లో బళ్ళారి, కడప, ఇప్పటి అనంతపురం, కర్నూలులో కొంత భాగం కలిపి దత్తమండలాలు. కర్నూలు నవాబు సంస్థానం మాత్రం 1839 దాకా విడిగానే నడిచింది.

ఒప్పందం మీద సంతకమైతే అయింది గానీ అది హైదరాబాదులో కాయితం మీద మాట, ఇక్కడ ఊళ్ళో ఎవడి మాట చెల్లుతుందో అది వేరే సంగతి. కంపెనీ లెక్క ప్రకారమే అప్పుడు ఇక్కడ 80 మంది పాలెగాళ్ళు, వాళ్ళ కింద సుమారు 30,000 మంది ఆయుధాలున్న బంట్లు. ప్రతి పాలెగాడికీ ఒక కోటో బురుజో ఉంది, కావలి రుసుం వసూలు చేసుకునే ఊళ్ళున్నాయి, ఎవడు పై రాజయినా వచ్చి ఫౌజు చూపిస్తే కట్టడం, వెళ్ళిపోతే ఎగ్గొట్టడం. ఇలాంటి చోటికి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చినోడు థామస్ మన్రో, కింద నలుగురు సబార్డినేట్ కలెక్టర్లు, 1800 చివర నించి 1807 దాకా ఏడేళ్ళు. ఈ ఏడేళ్ళలో పుట్టిన ఉత్తరాలు, జమాబందీ (ఏటా శిస్తు ఖరారు చేసే పని) రిపోర్టులు, సర్వే లెక్కలే నేను చెప్పబోయే సరుకంతా.

ముందు ఒక మాట, ఈ రికార్డులు చదివే వాళ్ళు చాలామంది యుద్ధాలు, ఉరిశిక్షలు వెతుక్కుంటారు. అవీ ఉన్నాయి. 1801లో తెర్నేకల్లు అనే ఊళ్ళో (ఇప్పటి కర్నూలు జిల్లా దేవనకొండ వైపు) వసూలుకి వచ్చిన తహసీల్దారుని చంపేశారు, కంపెనీ సిపాయిలు కోట మీదకి వస్తే మొదటిసారి తిప్పికొట్టారు కూడా, తర్వాత పెద్ద ఫౌజుతో జనరల్ క్యాంప్‌బెల్ వచ్చి పడగొట్టాడు. కానీ నన్నడిగితే సీమ నిజంగా కంపెనీ చేతికి వెళ్ళింది ఫిరంగులతో కంటే లెక్కలతోనే. పాలెగాళ్ళ విషయంలో మన్రో వాడిన పద్ధతి చూడండి. ఒక్కొక్కడి పేష్కష్ (సర్కారుకి కట్టే కప్పం) ఎంతుండాలి అని నిర్ణయించేటప్పుడు గతంలో హైదర్ కో నిజాం కో వాళ్ళు ఎప్పుడైనా కట్టిన దాంట్లో అత్యధికం ఏదో పాత లెక్కల్లోంచి వెతికించి అదే వేశాడు. ఎందుకంటే బంట్లని పోషించుకోడానికి చేతిలో డబ్బు మిగలకూడదు. ఇది నేను ఊహించి చెప్తున్నది కాదు, తన ఉత్తరాల్లో దాచుకోకుండా చెప్పుకున్న విషయమే. కట్టలేక బాకీ పడితే పాలెం జప్తు, మనిషికి పెన్షన్. ఎదురు తిరిగితే క్యాంప్‌బెల్ ఎలాగూ ఉన్నాడు. లండన్ లోని డైరెక్టర్లకే ఇది మరీ కఠినంగా అనిపించి వేముల పాలెగాడి విషయంలో మన్రోని తప్పుపడుతూ ఉత్తరం రాశారు, దానికి ఈయన ఇచ్చిన సంజాయిషీ చదివితే ఎక్కడా తగ్గినట్టు కనపడదు.

సరే, పాలెగాళ్ళ సంగతి అటుంచితే అసలు పెద్ద పని సర్వే, నాకు బాగా నచ్చిన భాగం కూడా ఇదే. 1802లో మొదలుపెట్టి పొలం పొలం కొలిచారు. 33 అడుగుల గొలుసు. 33 అడుగులు పొడవు 33 అడుగులు వెడల్పు అయితే ఒక గుంట, 40 గుంటలు ఒక ఎకరం, లెక్క వేసి చూడండి సరిగ్గా 43,560 చదరపు అడుగులు వస్తుంది. తెలంగాణలో కర్ణాటకలో ఇప్పటికీ గుంటల్లోనే చెప్తారు, మనకి సెంట్లు అలవాటైపోయాయి. గొలుసు లాగేవాళ్ళు ఒక బ్యాచ్, వాళ్ళ వెనక భూమి తరగతి కట్టే అసెసర్లు ఇంకో బ్యాచ్. రేగడా, ఎర్ర నేలా, చౌడా, బావి కింద తరా, చెరువు కింద తరా అని తేల్చాలంటే రెడ్డి, కరణం, ఊళ్ళో పెద్ద రైతులు వచ్చి నిలబడి అవును అనాలి. మళ్ళీ దాని మీద హెడ్ అసెసర్ తనిఖీ. ఒక ఊరి కరణం ఎన్ని తరాలుగా తన కట్టలో దాచుకున్న సంగతులు ఆ ఒక్క సీజన్ లో బయట పడిపోయాయో ఆలోచించండి, ఏ మడి లెక్కలో లేకుండా సాగవుతోంది, ఏది ఇనాం పేరుతో నడుస్తోంది, దశబంధం ఇనాం తీసుకుని చెరువు కట్ట బాగుచెయ్యకుండా ఎవరు తింటున్నారు, ఇవన్నీ.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. కొలత కింద నించి పైకి జరిగింది గానీ శిస్తు మాత్రం పై నించి కిందకి దిగింది. జిల్లా మొత్తానికి ఇంత రావాలి అని కలెక్టరు ముందు అనుకుంటాడు, దానికి ఆధారం పాత కమిల్ బేరీజు (పాత సర్కార్లు కట్టిన ప్రామాణిక శిస్తు లెక్క), టిప్పు కాలం వసూళ్ళు, గత రెండు మూడేళ్ళ అనుభవం. ఆ మొత్తాన్ని ఊళ్ళకి పంచుతారు, ఊరి వాటాని పొలాలకి పంచుతారు. రైత్వారీ అంటే రైతుతో నేరుగా మాట్లాడి శిస్తు కట్టడం అని స్కూల్లో చదువుకున్నాం కదా, నేరుగా మాట్లాడేది నిజమే, అయితే మాట్లాడేటప్పటికే మొత్తం ఎంతో దొర జేబులో రాసి ఉంది.

ఫలితం ఏమిటంటే వచ్చినప్పుడు సుమారు 10 లక్షల వరహాలున్న శిస్తు ఏడేళ్ళకి 15 లక్షలయింది. మధ్యలో 1803-04 కరువు కూడా ఉంది, అయినా సరే. మన్రో స్వయంగా వేసుకున్న లెక్క ప్రకారం సర్కారు వాటా పండిన పంటలో దాదాపు 45 శాతం. వెళ్ళిపోయే ముందు 1807 ఆగస్టులో ఆయనే రాశాడు, ఇది ఎక్కువ, 25 శాతం తగ్గించండి, బావుల కింద భూములకి ఇంకో 8 శాతం తగ్గించండి, రైతు చేతిలో మూడింట రెండొంతులు మిగిలితేనే భూమికి విలువ వస్తుంది, అమ్ముడుపోయే ఆస్తి అవుతుంది అని. మంచి మాటే. మద్రాసు వాళ్ళు విన్లేదు, రైత్వారీనే పక్కన పెట్టి ఊళ్ళకి ఊళ్ళు కౌలుకిచ్చారు, ముందు మూడేళ్ళ కౌలు, తర్వాత పదేళ్ళ కౌలు, అది చాలా ఊళ్ళని కుదేలు చేసింది. చివరికి 1820లో మన్రో గవర్నరుగా తిరిగొచ్చాకే ఆ తగ్గింపు అమల్లోకి వచ్చింది. అంటే తను పెంచిన దాన్ని తనే తగ్గించాలని రాసి, తనే గవర్నరై తగ్గించుకోవాల్సి వచ్చింది. మధ్యలో పదమూడేళ్ళు కట్టినోళ్ళు కట్టారు.

సీమలో మన్రో అంటే ఇప్పటికీ ఒక గౌరవం ఉంది. పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు, మాండవ్య రుషితో పోల్చారు, మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావనం లోంచి ఆయనతో మాట్లాడి మఠం భూములు కాపాడుకున్నాడనే కథ తెలియని వాళ్ళుండరు. 1827 జులైలో పత్తికొండలో కలరాతో చనిపోయాడు, గుత్తిలో పూడ్చారు, తర్వాత మద్రాసు కోటలోని చర్చికి మార్చారు. నాకు ఆయన మీద కోపం లేదు, గుడారం వేసుకుని ఊరూరా తిరిగి రైతులతో వాళ్ళ భాషలో మాట్లాడిన కలెక్టరు ఆ రోజుల్లో అరుదే. కానీ ఆ మఠం కథ చెప్పినంత ఇష్టంగా ఈ 45 శాతం సంగతి కూడా ఎవరైనా చెప్తే బావుండు అనిపిస్తుంది.

రికార్డుల్లో ఎవరి గొంతు ఉందనేది ఇంకో సమస్య. పైకి వెళ్ళే ఉత్తరం ఇంగ్లీషులో, కచ్చేరీలో లెక్కలు ఎక్కువగా మరాఠీలో, ఎందుకంటే సిరస్తాదార్లు గుమాస్తాలు చాలామంది దేశస్థ బ్రాహ్మలు, ఊళ్ళో కరణం లెక్క తెలుగులోనో కన్నడంలోనో. ఒకే పొలం మూడు మెట్లెక్కి లండన్ చేరేసరికి దాని మీద చెమటోడ్చినోడి పేరు పోయి అంకె మిగులుతుంది. రైతు మాట వినాలంటే దొర చిరాకు పడ్డ చోట వెతకాలి. "రైతులు భూమి వదిలేసి నిజాం వైపు వెళ్ళిపోతామని బెదిరిస్తున్నారు", "రెడ్లు కలిసి అబద్ధం చెప్తున్నారు" లాంటి అర్థం వచ్చే వాక్యం ఎక్కడైనా కనపడితే అక్కడ ఆగండి, ఆ జమాబందీలో జనం గట్టిగానే మాట్లాడారని దానర్థం. సరిహద్దు ప్రాంతం రైతుకి ఉన్న ఒకే ఒక్క బలం అది, శిస్తు మరీ ఎక్కువైతే మూటాముల్లె సర్దుకుని ఏరు దాటెయ్యొచ్చు. తుంగభద్ర అవతల ఇంకో రాజ్యం ఉన్నంతకాలం కలెక్టరు కూడా కాస్త చూసుకుని మాట్లాడాలి. సర్వే, రిజిస్టరు, పట్టా వచ్చాక మనిషి ఆ పొలానికి కట్టుబడిపోయాడు, అది ఒకందుకు హక్కు, ఇంకొకందుకు పలుపుతాడు.

ఆ కాలంలోనే కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ మనుషులు, కావలి బొర్రయ్య లక్ష్మయ్య అన్నదమ్ములు, వాళ్ళ కింద పనిచేసినోళ్ళు ఊళ్ళు తిరిగి కైఫీయత్తులు రాయించుకున్నారు. అవి తెలుగులో ఉన్నాయి, ఊరి పుట్టుక, గుడి, శాసనం, పాత రాజులు, ఎవరెవరు ఎంతెంత తీసుకున్నారు. ఒకే ఊరి మీద కైఫీయత్తూ జమాబందీ రిపోర్టూ పక్కపక్కన పెట్టుకుని చదవడం నాకైతే అన్నిటికంటే ఇష్టమైన పని, ఒక దాంట్లో ఊరికి జ్ఞాపకం ఉంటుంది, రెండో దాంట్లో బాకీ ఉంటుంది.

ఈ లెక్కల ఫలితం చాలా కాలం తర్వాత కూడా తేలుతూనే ఉంది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గురించి సినిమా పుణ్యమా అని అందరికీ తెలిసింది, కానీ ఆ గొడవకి మూలం వెతికితే పెన్షన్ రిజిస్టరు దగ్గరికే వెళ్తాం. పాత పాలెగాళ్ళ కుటుంబం కాబట్టి ఆయన వాటాకి నెలకి 11 రూపాయల 10 అణాల 8 పైసలు వచ్చేవి. చూడండి, పైసలతో సహా. నొస్సం పాలెగాడి వంశంలో వారసుడు లేడని ఆ పెన్షన్ ఆపేశారు, అది తనకి రావాలని ఈయన అడిగితే సర్కారు ఒప్పుకోలేదు. దానికి తోడు కట్టుబడి మాన్యాలు (ఊరి కావలి బంట్లకి జీతం బదులు ఇచ్చిన భూములు) తీసేసుకోవడంతో పాత బంట్ల కుటుంబాలు రోడ్డున పడ్డాయి, వాళ్ళే ఆయన వెనక నడిచింది. 1846 జులైలో కోయిలకుంట్ల ట్రెజరీ మీద పడ్డారు, తహసీల్దారుని చంపారు, అక్టోబరులో పట్టుబడ్డారు, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి. తల మాత్రం 1877 దాకా కోట మీద వేలాడదీసే ఉంచారు. నలభై ఏళ్ళ కింద మన్రో కత్తి బదులు చేతిలో పెట్టిన పెన్షన్, కొడుకులకి మనవళ్ళకి వచ్చేసరికి ఇలా చిల్లర నాణేలుగా విరిగిపోయింది, పైగా ఆ చిల్లర కోసం కూడా తహసీల్దారు ముందు నిలబడాలి.

ఇక చదవాలనుకునేవాళ్ళకి. మన్రో 1807 నివేదికలు 1812లో పార్లమెంటు కమిటీ వేసిన ఐదో నివేదిక అనుబంధాల్లో అచ్చయ్యాయి, స్కాన్ కాపీలు ఫ్రీగా దొరుకుతాయి, మొదలెట్టడానికి అదే బెస్టు. రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్స్ చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ లో ఉన్నాయి. మన్రో సొంత కాయితాలు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో. పాత జిల్లా రికార్డులు కొన్ని హైదరాబాద్ తార్నాక ఆర్కైవ్స్ కి వచ్చాయి. మన సీమ చరిత్ర చదవాలంటే కడప కుర్రాడు చెన్నైకి, హైదరాబాద్ కి, వీలైతే లండన్ కి తిరగాలన్నమాట. బళ్ళారి అయితే 1953లో మైసూరు రాష్ట్రంలోకి పోయింది, కాబట్టి అక్కడి పరిశోధకులకి ఇంకో తిప్పలు. చేతిరాత మొదట్లో కొరుకుడు పడదు, కొన్ని పేజీలు ఓపిక పట్టి ఒకే గుమాస్తా రాతని పట్టుకుంటే దారికొస్తుంది. ఊళ్ళ పేర్ల స్పెల్లింగు మాత్రం ఏ రెండు పేజీల్లోనూ ఒకేలా ఉండదు, పైకి చదువుకుని చెవితో పోల్చుకోవాలి. మీ ఊరి పేరు మీద కైఫీయత్తు గానీ పాత డైగ్లాట్ (ఇంగ్లీషు, తెలుగు రెండిట్లో ఉండే భూమి రిజిస్టరు) కాపీ గానీ ఇంట్లో ఉంటే ఫోటో తీసి పెట్టుకోండి, పాత కాయితం చెదల పాలైతే మళ్ళీ రాదు.